మిల్లీమీటరు లోతులో వెలుగు లెక్క: మాక్రో ఫోటోకు అపెర్చర్, ఫోకస్ స్టెప్ ఎంపిక

మృగశిర కార్తె ముగిసి ఆరుద్ర ప్రవేశించే జూన్ 22 ప్రాంతంలో, తొలకరి వాన గట్టిగా కురిసిన మరునాటి ఉదయం, మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎర్ర చెల్కల మీదా చెరువు గట్ల గడ్డిలోనూ ఆరుద్ర పురుగులు నేలలోంచి బయటికి వస్తాయి. పురుగు అన్న పేరు స్థిరపడినా అది కీటకం కాదు. ఎనిమిది కాళ్లతో, ఒళ్లంతా దట్టమైన ఎర్రని నూగుతో, సాలీడుకూ తేలుకూ చుట్టమయ్యే నల్లి జాతి ప్రాణి, బాగా ఎదిగితే సెంటీమీటరు దాకా ఉంటుంది. దీన్ని మాక్రో లెన్సుతో దగ్గరగా ఫోటో తీసేవారందరికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. లెన్సు రంధ్రాన్ని బాగా తెరిచి తీస్తే వీపు మీది నూగులో సన్నని పట్టీ ఒకటి అద్భుతంగా కనిపించి, ముఖమూ కాళ్లూ మసకలో కలిసిపోతాయి. ఆ లోపాన్ని సరిదిద్దాలని రంధ్రాన్ని చివరికంటా మూసి ఎఫ్/22 దగ్గర తీస్తే శరీరమంతా ఒకే తీరుగా కనిపిస్తుంది గానీ, ఈసారి ఒక్క వెంట్రుక కూడా విడిగా గుర్తుపట్టేలా ఉండదు. శామీర్‌పేట చెరువునూ దాని వెనకనున్న రాళ్ల గుట్టలనూ తీసేటప్పుడు ఎన్నడూ మోసం చేయని సూత్రం, అదే గట్టు మీద పాకుతున్న ప్రాణి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు విఫలమవుతుందో తెలియాలంటే, లెన్సులోంచి వెలుగు ప్రయాణించే తీరును మొదటినుంచీ చూడవలసి ఉంటుంది.

దృశ్యంలో చెల్లే సూత్రం

లెన్సులో వెలుగు ప్రవేశించే రంధ్రాన్ని అపెర్చర్ అంటారు. దాని కొలతను చెప్పే ఎఫ్ సంఖ్య, లెన్సు నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చే ఫలితం కనుక, 100 మిల్లీమీటర్ల లెన్సులో ఎఫ్/4 అంటే 25 మిల్లీమీటర్ల రంధ్రమనీ, ఎఫ్/22 అంటే నాలుగున్నర మిల్లీమీటర్ల రంధ్రమనీ అర్థం. సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. వస్తువు మీది ఒక బిందువు నుంచి బయలుదేరిన కిరణాలు ఆ రంధ్రమంతా పరచుకుని శంకువు ఆకారంలో లోపలికి చేరి, అవతల మరొక శంకువుగా కూడుకుని, సెన్సర్ మీద మళ్లీ బిందువు అవుతాయి. ఫోకస్ చేసిన తలంలో ఉన్న బిందువులకే ఇది జరుగుతుంది. ఆ తలానికి ముందో వెనకో ఉన్న బిందువు విషయంలో శంకువు మొన సెన్సర్‌కు కాస్త ఇవతలో అవతలో ఏర్పడి, సెన్సర్ మీద చిన్న వలయం పడుతుంది. ఆ వలయం కంటికి బిందువుగానే తోచేంత చిన్నదైతే ఆ భాగం స్పష్టంగా ఉందంటాము, పెద్దదైతే మసకబారిందంటాము. వలయాలు ఇలా హద్దులో ఉండే మేరను స్పష్టతా లోతు అనవచ్చు; ఫోటోగ్రాఫర్లు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అనేది దీన్నే.

రంధ్రం చిన్నదైతే శంకువు సన్నబడుతుంది, శంకువు సన్నబడితే మొన తప్పినా వలయం పెద్దగా పెరగదు, అందువల్ల లోతు పెరుగుతుంది. వందల మీటర్ల దూరంలోని దృశ్యానికి ఈ వరుస చక్కగా పనిచేస్తుంది. 1932లో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ మొదలైనవారు కూడి తమ బృందానికి ఎఫ్/64 అని పేరు పెట్టుకోవడం ఈ సూత్రం మీది నమ్మకంతోనే. అయితే వారు వాడినవి ఎనిమిది, పది అంగుళాల కొలతల పెద్ద ఫిల్ములు. వెస్టన్ తన నెగటివ్‌ను పెద్దది చేయకుండా కాగితానికి ఆనించి అదే పరిమాణంలో ముద్రించేవాడు. ఇక్కడ పెద్దది చేయకపోవడమే కీలకం. అప్పటి ఎఫ్/64ను చూసి నేటి చిన్న సెన్సర్ల మీద ఎఫ్/22ను ఎంచుకోవడం, ఒకరి పథ్యాన్ని మరొకరు పాటించడమే అవుతుంది.

ఇక దగ్గరి దూరం సంగతి. 25 మిల్లీమీటర్ల రంధ్రం వందల మీటర్ల దూరంలోని గుట్టకు దాదాపు ఒక చుక్క. పదిహేను సెంటీమీటర్ల దూరంలోని ఆరుద్ర పురుగుకు అదే రంధ్రం చాలా వెడల్పైన ద్వారం. పురుగు మీది బిందువు నుంచి లెన్సును చేరే శంకువు అంత విశాలంగా ఉంటుంది కాబట్టి, ఫోకస్ తలం నుంచి తలవెంట్రుక మందం తప్పితే చాలు, మసక మొదలవుతుంది. వస్తువు సెన్సర్ మీద దాని అసలు పరిమాణంలోనే పడే స్థితిని ఒకటికి ఒకటి ఆవర్ధనం అంటారు. అక్కడ ఎఫ్/4 దగ్గర లభించే లోతు మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. ఆవర్ధనం రెండింతలైతే, అదే అపెర్చర్ దగ్గర, ఆ లోతు కూడా సుమారు మూడో వంతుకు పడిపోతుంది.

చిన్న రంధ్రం వసూలు చేసే మూల్యం

లోతు చాలకపోతే రంధ్రాన్ని మరింత మూస్తే సరిపోతుందని అనిపించడం సహజం. అడ్డు వచ్చేది వెలుగు స్వభావం. వెలుగు తరంగం, ఏ తరంగమైనా ఇరుకైన దారిలోంచి బయటపడినప్పుడు తిన్నగా సాగక పక్కలకు విస్తరిస్తుంది, దారి ఎంత ఇరుకైతే విస్తరణ అంత ఎక్కువ. భౌతికశాస్త్ర పుస్తకాలు వివర్తనం అని పిలిచే ఈ గుణం వల్ల, ఏ దోషమూ లేని లెన్సు కూడా బిందువును బిందువుగా చూపలేదు. నడుమ ప్రకాశవంతమైన చిన్న బిళ్లగా, దాని చుట్టూ మందమైన వలయాలతో చూపుతుంది. ఆ బిళ్ల పరిమాణాన్ని 1835లో ఇంగ్లండు ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ లెక్కగట్టినందువల్ల అది ఎయిరీ బిళ్లగా పేరుపొందింది.

బిళ్ల పరిమాణం ఎఫ్ సంఖ్యతో పాటే పెరుగుతుంది. పైగా మాక్రోలో మరొక సంగతి కలుస్తుంది: దగ్గరి వస్తువును ఫోకస్ చేసేందుకు లెన్సు సెన్సర్ నుంచి దూరంగా జరగవలసి రావడంతో, సెన్సర్ వైపున్న శంకువు సన్నబడి, పనిచేసే ఎఫ్ సంఖ్య రాసివున్న సంఖ్యకన్నా పెద్దదవుతుంది. ఒకటికి ఒకటి ఆవర్ధనంలో అది సుమారు రెట్టింపు, రెండింతల ఆవర్ధనంలో సుమారు మూడు రెట్లు. అంటే ఎఫ్/22 అని పెట్టుకున్నవారు నిజానికి ఎఫ్/44 దగ్గర ఫోటో తీస్తున్నారన్నమాట. నికాన్ కెమెరాలు తమ మాక్రో లెన్సులతో ఈ మారిన సంఖ్యనే తెర మీద చూపుతాయి. అనేక ఇతర కంపెనీలవి రాసివున్న సంఖ్యనే చూపుతాయి. ఒకరి అమరికను మరొకరు అనుసరించేటప్పుడు ఈ తేడాను గమనించకపోతే లెక్క మొత్తం తప్పుతుంది.

ఒకటికి ఒకటి ఆవర్ధనంలో: ఏ సంఖ్యకు ఎంత

*(36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, ఆకుపచ్చ వెలుగు, సెన్సర్ మీద 20 మైక్రాన్ల వరకు మసకను అనుమతిస్తే, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు)*

ఎఫ్/4: ఎయిరీ బిళ్ల 11 మైక్రాన్లు, లోతు 0.32 మి.మీ.
ఎఫ్/5.6: బిళ్ల 15 మైక్రాన్లు, లోతు 0.45 మి.మీ.
ఎఫ్/8: బిళ్ల 21 మైక్రాన్లు, లోతు 0.64 మి.మీ.
ఎఫ్/11: బిళ్ల 30 మైక్రాన్లు, లోతు 0.88 మి.మీ.
ఎఫ్/16: బిళ్ల 43 మైక్రాన్లు, లోతు 1.28 మి.మీ.
ఎఫ్/22: బిళ్ల 59 మైక్రాన్లు, లోతు 1.76 మి.మీ.

ఈ పట్టికలో గమనించవలసింది చివరి రెండు వరుసలు. ఎఫ్/16 దగ్గర లోతు 1.28 మిల్లీమీటర్లని లెక్క చెబుతున్నా, ఆ లోతులో ఎక్కడా 20 మైక్రాన్ల స్పష్టత దొరకదు, ఎందుకంటే ఫోకస్ సరిగ్గా కుదిరిన చోట కూడా వివర్తనం వల్ల బిళ్లే 43 మైక్రాన్లు ఉంటుంది. కాగితం మీద లోతు పెరిగింది గానీ ఆ లోతును నింపవలసిన వివరమే లేకుండా పోయింది. ఎఫ్/22 దగ్గర ఆరుద్ర పురుగు నూగు అలికినట్టుండటానికి ఇదే కారణం. బిళ్లలో వెలుగు నడిమి భాగంలోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి కంటికి తగిలే నష్టం ఈ అంకెలు సూచించినంత కఠినంగా ఉండదు. అయినా 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లే కనుక, 59 మైక్రాన్ల బిళ్ల ఒక వరుసలో దాదాపు పది పిక్సెళ్లను ఆక్రమించి, కొన్నవారు డబ్బు చెల్లించిన సూక్ష్మతను చాలావరకు నిరర్థకం చేస్తుంది.

శామీర్‌పేట చెరువు మీద తిరిగే తూనీగ కంటిని తీసుకుంటే ఈ నష్టం మరింత స్పష్టమవుతుంది. వేల చిన్న కళ్లు షడ్భుజాలుగా అమరివున్న ఆ సంయుక్త నేత్రంలో ఒక్కో ముఖం వెడల్పు కొన్ని పదుల మైక్రాన్లు. ఒకటికి ఒకటి ఆవర్ధనంలో వస్తువు మీది కొలతా సెన్సర్ మీది కొలతా ఒకటే కాబట్టి, ఎఫ్/5.6 దగ్గరి 15 మైక్రాన్ల బిళ్ల ఆ గళ్లను వేటికవి చూపగలుగుతుంది, ఎఫ్/22 దగ్గరి బిళ్ల గళ్లన్నిటినీ ఒకే నున్నని గోళంగా మార్చివేస్తుంది.

లోతూ వివరమూ రెండూ ఒకే శంకువు కోణం మీద ఆధారపడి ఉండటమే ఇందులోని మూల విషయం. శంకువు వెడల్పైతే వివరం సూక్ష్మమై లోతు పలచబడుతుంది, శంకువు సన్నబడితే లోతు పెరిగి వివరం ముతకబారుతుంది. ఈ కోణానికీ సూక్ష్మదర్శిని చూపగల అతి చిన్న వివరానికీ ఉన్న సంబంధాన్ని 1873లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బె నిరూపించాడు. లెన్సు ధర ఎంత పెరిగినా ఈ బంధం తెగదు. ఒకే ఫోటోలో రెండింటినీ పూర్తిగా పొందే మార్గం లేదు.

లోతును కాలంతో కొనుక్కోవడం

ఒకే ఫోటోలో సాధ్యం కానిది అనేక ఫోటోలలో సాధ్యమవుతుంది. అపెర్చర్‌ను వివరం బాగా వచ్చే చోట నిలిపి, ఫోకస్ తలాన్ని ప్రాణి ముందు అంచు నుంచి వెనక అంచు వరకు కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫోటోలు తీసి, ఒక్కోదానిలో స్పష్టంగా ఉన్న భాగాన్ని మాత్రమే కంప్యూటర్ చేత ఏరించి కలిపించడాన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పని చేస్తాయి. 2015లో ఒలింపస్ తన ఈ-ఎం1 కెమెరాలోనే కొన్ని ఫోటోలను కలిపే ఏర్పాటు చేసింది. ఒక ఫోటోకూ తరువాతి ఫోటోకూ మధ్య ఫోకస్ తలం జరిగే దూరమే స్టెప్.

స్టెప్ ఎంత ఉండాలన్నది అపెర్చర్‌తో సంబంధం లేని ప్రశ్నగా చాలామంది చూస్తారు; అసలు పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఒక్కో ఫోటోలో స్పష్టంగా ఉండే పలక మందాన్ని అపెర్చరూ ఆవర్ధనమూ కలిసి నిర్ణయిస్తాయి, స్టెప్ ఆ మందానికి లోబడి ఉండాలి. పెంకుటింటి కప్పు మీద ఒక్కో పెంకు తన కింది పెంకు మీదికి కొంత ఎక్కి ఉంటేనే వాన నీరు లోపలికి దిగదు. ఎక్కుడు మరీ తక్కువైతే కప్పు కారుతుంది, మరీ ఎక్కువైతే పెంకులు రెట్టింపు కావాలి. స్పష్టతా పలకలు కూడా అలాగే ఒకదాని మీదికొకటి సుమారు మూడో వంతు ఎక్కి ఉండాలి, అంటే లోతులో మూడింట రెండు వంతులు స్టెప్ కావాలి. ఎఫ్/5.6 దగ్గర లోతు 0.45 మిల్లీమీటర్లు కనుక స్టెప్ 0.3 మిల్లీమీటర్లు, ఎఫ్/4 దగ్గర 0.2.

ఈ రెండు తప్పులూ సమానం కావు. స్టెప్ పెద్దదైపోతే పలకల మధ్య మిగిలిన ఖాళీ తుది చిత్రంలో మసక పట్టీలుగా, క్రమం తప్పకుండా వచ్చే చారలుగా బయటపడుతుంది, దాన్ని సరిదిద్దే ఉపాయం తరువాత ఏదీ ఉండదు. స్టెప్ చిన్నదైపోతే కాలమూ కార్డులో చోటూ ఖర్చవుతాయి, అవసరం లేనివి తీసివేయవచ్చు. అందువల్ల కదలని వస్తువు విషయంలో సందేహం వచ్చినప్పుడు చిన్న స్టెప్‌నే ఎంచుకోవాలి. కదిలే వస్తువు విషయంలో మాత్రం ఈ సలహా తిరగబడుతుంది, ఆ సంగతి ముందు వస్తుంది.

ఫోటోల సంఖ్యను తగ్గించే బలమైన సాధనం కెమెరా కోణం. పది మిల్లీమీటర్ల ఆరుద్ర పురుగును ముఖం వైపు నుంచి తీస్తే లోతు పది మిల్లీమీటర్లు కాబట్టి, 0.3 మిల్లీమీటర్ల స్టెప్‌తో ముప్ఫై మూడు ఫోటోలు, రెండు కొసలా కొన్ని అదనం కలిపితే నలభైకి దగ్గర. దాన్నే పైనుంచి తీస్తే దాటవలసిన ఎత్తు నాలుగు మిల్లీమీటర్లే అయినప్పుడు పదిహేడో పద్దెనిమిదో చాలు. తూనీగను పక్కనుంచి, దాని దేహం సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా నిలబడి తీస్తే నాలుగైదు ఫోటోలతోనే పని పూర్తవుతుంది. స్టెప్ లెక్కకన్నా ముందు రెండు అడుగులు పక్కకు జరిగి చూడటం ఎక్కువ ఫలితమిస్తుంది.

కెమెరాలోని స్టెప్ అంకె మిల్లీమీటరు కాదు

2017లో వచ్చిన నికాన్ డి850లో ఫోకస్ షిఫ్ట్ అనే ఏర్పాటు స్టెప్ వెడల్పును 1 నుంచి 10 వరకు అంకెలతో అడుగుతుంది, ఒక వరుసలో 300 ఫోటోల దాకా తీస్తుంది. 2019 నాటి కెనాన్ ఆర్‌పీ కూడా 1 నుంచి 10 వరకు అంకెలతోనే, 999 ఫోటోల దాకా అనుమతిస్తుంది. ఈ అంకెలు ఏ కొలమానానికీ చెందవు. కెనాన్ కెమెరా అపెర్చర్‌ను బట్టి ఆ స్టెప్ అసలు దూరాన్ని తానే సర్దుతుంది, ఎఫ్ సంఖ్య పెరిగితే అదే అంకెకు ఎక్కువ దూరం జరుపుతుంది. అందువల్ల ఎఫ్/4 నుంచి ఎఫ్/8కు మారినప్పుడు అంకెను కూడా పెంచితే రెండుసార్లు పెంచినట్టవుతుంది. చేతితో తిప్పే స్క్రూ పట్టాల మీద, అంటే రెయిల్ మీద కెమెరానే ముందుకు జరిపేవారికి మాత్రం స్టెప్ నేరుగా మిల్లీమీటర్లలోనే ఉంటుంది: స్క్రూ ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు జరిగేదైతే 0.3 మిల్లీమీటర్లకు మూడో వంతు చుట్టుకు కాస్త తక్కువ. ఆవర్ధనం ఒకటికి ఒకటి దాటాక లెన్సు వలయాన్ని తిప్పితే ఫోకస్‌కన్నా చిత్ర పరిమాణమే ఎక్కువగా మారుతుంది కాబట్టి అక్కడ రెయిల్ మేలు.

నూగు ఉన్న ప్రాణి వేరే లెక్క

అపెర్చర్ ఎంత తెరిస్తే వివరం అంత పెరుగుతుందని లెక్క చెబుతున్నప్పుడు, ఎఫ్/2.8 దగ్గరే వందల ఫోటోలు తీసి కలిపితే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. రెండు కారణాల వల్ల సరిపోదు. మొదటిది, పూర్తిగా తెరిచిన లెన్సు అంచుల్లోంచి వచ్చే కిరణాలు నడుమనుంచి వచ్చేవాటితో ఒకే చోట కలవకపోవడం వల్ల, రంగు అంచులూ పలచని మసకా మిగులుతాయి. సాధారణ మాక్రో లెన్సులు ఒకటి రెండు స్టాపులు మూసిన తరువాతే, అంటే ఎఫ్/4, ఎఫ్/5.6 దగ్గర, తమ శక్తి మేరకు పనిచేస్తాయి. రెండో కారణం అంతగా చర్చకు రాదు, అయితే నూగు, ముళ్లు, మీసాలు ఉన్న ప్రాణుల విషయంలో అదే నిర్ణాయకం.

ముందున్న ఒక వెంట్రుక ఫోకస్‌లో లేనప్పుడు మాయమైపోదు. వెడల్పైన మసక పట్టీగా మారి తన వెనకనున్న చర్మం మీద పరచుకుంటుంది. ఆ చర్మం ఫోకస్‌లోకి వచ్చిన ఫోటోలో కూడా ఆ పట్టీ అక్కడే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో చోట ఏ ఫోటోలో వివరం ఎక్కువగా ఉందో చూసి ఏరుతుంది గనుక, వెంట్రుకకు అటూ ఇటూ ఉన్న సన్నని మేరలో చర్మం స్పష్టంగా ఉన్న ఫోటో ఒక్కటి కూడా దానికి దొరకదు, ఫలితంగా ప్రతి వెంట్రుక చుట్టూ వెలుగు మడుగు మిగులుతుంది. అపెర్చర్ తెరిచేకొద్దీ ఆ మడుగు వెడల్పవుతుంది. నూగుతో నిండిన ఆరుద్ర పురుగుకు, ఒకదాని మీదికొకటి అడ్డుపడే వేల వెంట్రుకలు ఉన్నప్పుడు, ఎఫ్/2.8 దగ్గర తీసిన వంద ఫోటోలకన్నా ఎఫ్/8 దగ్గర తీసిన పాతిక ఫోటోలు మెరుగైన చిత్రాన్నిస్తాయి. దీనికి భిన్నంగా, జిల్లేడు ఆకుల మీద కూర్చునే నలుపు, పసుపు, నీలం రంగుల మిడత వంటి నున్నని దేహానికి ఎఫ్/4ను నిస్సంకోచంగా వాడవచ్చు. ప్రాణి ఆకారం ఏమిటో చూడకుండా ఒకే అపెర్చర్‌ను అన్నిటికీ నియమంగా చెప్పే సలహాలు, ఎంత పేరున్నవారు చెప్పినా, సగమే నిజం.

కంప్యూటర్ కలిపే పద్ధతులు కూడా రెండు తీరులుగా ఉంటాయి. సూక్ష్మ వివరాలను స్థాయిలవారీగా విడదీసి కలిపే పిరమిడ్ పద్ధతి అడ్డదిడ్డంగా ఉన్న వెంట్రుకలను బాగా నిలుపుతుంది గానీ రంగులనూ గరుకుదనాన్నీ కాస్త అతిగా చూపుతుంది. ఒక్కో బిందువు ఏ లోతులో ఉందో పటంగా గీసుకుని ఏరే పద్ధతి రంగులకు న్యాయం చేస్తుంది గానీ వెంట్రుకల అడవిలో తడబడుతుంది.

గాలి, ప్రాణం, పొలం

ఇంతవరకు చెప్పిందంతా కదలని వస్తువుకు వర్తిస్తుంది. 0.3 మిల్లీమీటర్ల స్టెప్‌తో తీస్తున్నప్పుడు గడ్డిపరక గాలికి 0.3 మిల్లీమీటర్లు ఊగితే ఒక స్టెప్ అంతా పోయినట్టే, ఒక మిల్లీమీటరు ఊగితే వరుస క్రమమే తారుమారవుతుంది. నైరుతి రుతుపవనాల గాలి బలంగా వీచే జూన్, జూలై నెలల్లో హైదరాబాదు ఉత్తర శివార్ల బయళ్లలో నలభై ఫోటోల స్టాక్ తీయడం దాదాపు అసాధ్యం, పైగా ఆరుద్ర పురుగు ఊరకే నిలబడే ప్రాణి కాదు. అక్కడ ఒకే ఫోటోతో సరిపెట్టుకోవాలి, ఎఫ్/11 దగ్గర ఫ్లాష్ వెలిగించి తీయాలి; ఫ్లాష్‌ను చిన్న శక్తిలో వాడితే వెలుగు సెకనులో కొన్ని వేల వంతుల్లో ఒక్క వంతు సేపే ఉండి కదలికను ఆపేస్తుంది. అప్పుడు లోతు 0.88 మిల్లీమీటర్లే కాబట్టి దాన్ని ఎక్కడ ఖర్చు చేయాలో ఎంచుకోవడమే పని, ముఖమూ ముందు కాళ్లూ దానికి మొదటి హక్కుదారులు.

కెమెరాను చేత్తో పట్టుకుని, వేగంగా వరుస ఫోటోలు తీస్తూ నెమ్మదిగా ముందుకు వంగే పద్ధతి ఈ రెండింటికీ మధ్యది. సెకనుకు పది ఫోటోలు తీసే కెమెరాతో రెండు సెకన్లలో ఇరవై ఫోటోలు వస్తాయి. శరీరం కదలిక సమంగా ఉండదు కాబట్టి ఇక్కడ స్టెప్ ఇంతని నిర్ణయించలేము. అపెర్చర్‌ను ఎఫ్/8కు మూసి పలకను మందం చేసుకుని, కొన్ని ఖాళీలు తప్పవని అంగీకరించడం వివేకం. ప్రాణి కదిలే అవకాశం ఉన్న చోట చిన్న స్టెప్ రక్షణ కాదు, ఫోటోల సంఖ్య పెంచి కదలికకు మరింత వ్యవధి ఇవ్వడమే అవుతుంది. అక్కడ పెద్ద స్టెప్, తక్కువ ఫోటోలే మేలు.

నిజమైన దీర్ఘ స్టాకులకు అనువైన కాలం డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజాము. కీటకాలు శరీరాన్ని వేడిగా ఉంచుకోలేవు కనుక చలిలో కండరాలు బిగుసుకుని, ఎండ తగిలేవరకు తూనీగలూ మిడతలూ గడ్డిపరకల మీద కదలకుండా ఉంటాయి, గాలి కూడా ఆ వేళ నిలిచి ఉంటుంది. ఆ అరగంట కోసం వేచివుండటమే సరైన పద్ధతి. ప్రాణిని ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి, లేదా జిగురుతో అంటించి తీసిన ఫోటోకు విజ్ఞాన విలువా లేదు, అందులో గౌరవమూ లేదు.

మాక్రో లెన్సుకు అందనంత చిన్నవి

ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందిన మేడ్చల్, శామీర్‌పేట రైతులకు పిండినల్లి కొత్త కాదు. తెలుగు రాష్ట్రాల మిరప రైతులకు 2021లో ఎదురైన నల్ల తామర పురుగు మాత్రం కొత్త. భారతదేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదటిసారి నమోదైన ఈ పురుగు మిరప పూలలో గుంపులుగా చేరి పంటను నాశనం చేసింది. ఆకుల అడుగున చేరి పై ముడత తెచ్చే పాత తామర పురుగూ ఇదీ వేరని గుర్తించడం మందు ఎంపికకు అవసరం, కాని రెండింటి పొడవూ సుమారు ఒక మిల్లీమీటరే. జాతిని తేల్చేవి మీసం కణుపుల రంగూ, మెడ మీది వెంట్రుకల అమరికా. ఇక్కడ మాక్రో లెన్సు చాలక సూక్ష్మదర్శిని వస్తుకటకాన్ని కెమెరాకు తగిలించవలసి వస్తుంది.

ఆ స్థాయిలో అపెర్చర్‌ను ఎంచుకునే అవకాశం ఉండదు, వస్తుకటకం తన శంకువు కోణాన్ని తనతోనే తెస్తుంది. మిటుటోయో కంపెనీ అయిదు రెట్ల వస్తుకటకానికి లోతు మొత్తం 28 మైక్రాన్లు, పది రెట్ల దానికి 7 మైక్రాన్లు. వివరం రెండింతలు సూక్ష్మమైనప్పుడు లోతు నాలుగో వంతైందని గమనించవచ్చు. మూడింట రెండు వంతుల నియమం ప్రకారం మొదటిదానికి స్టెప్ 20 మైక్రాన్ల లోపు, రెండోదానికి 5 మైక్రాన్ల లోపు. పావు మిల్లీమీటరు మందమున్న తామర పురుగుకు మొదటిదానితో పదిహేను ఫోటోలు, రెండోదానితో యాభైకి పైగా కావాలి. చేతితో 5 మైక్రాన్లు జరపడం కుదరని పని కనుక మోటారు రెయిల్ తప్పనిసరవుతుంది. జీవకణాలను పొరలు పొరలుగా చూసే పరిశోధనశాలల సూక్ష్మదర్శినులు జెడ్-స్టాక్ పేరిట చేసేది కూడా ఈ పనే, లెక్కా ఇదే.

సొంత లెన్సును కొలుచుకునే తీరు

పైన ఇచ్చిన అంకెలు ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్‌కూ, చిత్రాన్ని ఎ4 కాగితమంత ముద్రించి చేతిదూరంలో చూడటానికీ సరిపోయేవి. ఆ ముద్రణలో 20 మైక్రాన్ల మసక సుమారు 0.16 మిల్లీమీటర్లు అవుతుంది. ఫోన్ తెర మీద చూపడానికే తీసేవారికి ఇంత కచ్చితత్వం అక్కరలేదు, వారికి ఎఫ్/11, ఎఫ్/16 దగ్గరి ఒకే ఫోటో చాలు. తుది చిత్రం ఎక్కడ చూడబడుతుందన్నదే అపెర్చర్‌ను నిర్ణయించే మొదటి ప్రశ్న.

ముద్రణకో, గుర్తింపుకో తీసేవారు తమ లెన్సును తామే కొలుచుకోవడం మేలు. స్టీలు స్కేలును కెమెరాకు నలభై అయిదు డిగ్రీల వాలులో నిలిపి, ఒకే ఆవర్ధనంలో ఒక్కో అపెర్చర్‌కు ఒక్కో ఫోటో తీసి, కంప్యూటర్‌లో పూర్తి పరిమాణంలో చూస్తూ గీతలు ఎన్ని మిల్లీమీటర్ల మేర స్పష్టంగా ఉన్నాయో లెక్కించి, ఆ సంఖ్యను 0.7తో గుణిస్తే అసలు లోతు వస్తుంది. అందులో మూడింట రెండు వంతులు స్టెప్. అంకెల స్టెప్ ఉన్న కెమెరాలో అదే స్కేలును ఒక వరుసగా తీసి, మొదటి ఫోటో నుంచి చివరిదాకా స్పష్టమైన పట్టీ ఎంత దూరం జరిగిందో చూసి, దాన్ని 0.7తో గుణించి జరుపుల సంఖ్యతో భాగిస్తే, ఆ అంకె విలువ మిల్లీమీటర్లలో తేలుతుంది. ఈ పరీక్షకు పట్టేది ఒక సాయంత్రం.

ఇలా తీసిన ఫోటోను ఐనేచురలిస్ట్ వంటి బహిరంగ వేదికలకు పంపేవారు తేదీ, ఊరు, ప్రాణి ఉన్న మొక్క పేరుతో పాటు ఆవర్ధనం, అపెర్చర్, స్టెప్, ఫోటోల సంఖ్య కూడా రాయాలి, అదే ఆవర్ధనంలో తీసిన స్కేలు ఫోటోను జతచేయాలి. పరిమాణం తెలియని తామర పురుగు ఫోటో ఎంత అందంగా ఉన్నా, దాన్ని గుర్తించవలసిన కీటకశాస్త్రవేత్తకు అంతగా ఉపయోగపడదు.